నర్సింగ్ కి వెళ్ళాలనుంది, ముందు ఏ ఉద్యోగంలో చేరాలి?

టెక్సస్ నుంచి ఒకావిడ రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ పెడుతున్నా. వయసు 33. ఆంధ్రాలో బీఎస్సీ మైక్రోబయాలజీ చేసి 2013 లో పాసయ్యారు, పెళ్ళయ్యాక, భర్త వర్క్ వీసా మీద ఆధారపడి భార్యకిచ్చే హెచ్4 మీద ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. పాపకి నాలుగేళ్ళు, వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్ లో వేస్తారు. భర్త ఐటీలో, ఆయన ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అవటంతో ఈవిడకి ఈఏడీ కార్డు, అంటే ఇక్కడ ఉద్యోగం చేసుకోటానికి పర్మిట్, ఈమధ్యే చేతికొచ్చింది. చదువుకునే రోజుల్లోనే నర్సింగ్ చేద్దామనుకుంటే "మన ఇళ్ళల్లో నర్సింగేంటి" అని ఆపేశారట, ఇప్పుడు ఆ కోరిక మళ్ళీ లేచింది.

ముందు ఏదో ఒక చిన్న ఉద్యోగంలో చేరి అక్కణ్ణుంచి నర్సింగ్ కి వెళ్దామని ఆవిడ ఆలోచన. చూసి పెట్టుకున్నవి నాలుగు. ఇంటి దగ్గర్లో ఒక నర్సింగ్ హోమ్ (ఇక్కడ దానర్థం హాస్పిటల్ కాదు, ఎక్కువగా ముసలివాళ్ళు ఉండే సంరక్షణ కేంద్రం) వాళ్ళు సీఎన్ఏ, అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్, ట్రైనింగ్ ఫ్రీగా ఇచ్చి ఉద్యోగం కూడా ఇస్తామంటున్నారు. రెండోది ఫ్లెబాటమీ, అంటే రక్తం తీసే పని, వీకెండ్ క్లాసులతో కోర్సు. మూడోది ఒక ప్రైవేట్ కాలేజీలో తొమ్మిది నెలల మెడికల్ అసిస్టెంట్ డిప్లొమా, ఫీజు 14 వేల డాలర్లు, లోన్ ఇప్పిస్తామని రోజూ ఫోన్లు చేస్తున్నారు. నాలుగోది పెద్ద హాస్పిటల్లో యూనిట్ సెక్రటరీ, పేషెంట్ ట్రాన్స్‌పోర్టర్ లాంటి ఖాళీలు.

భర్త "మెడికల్ అసిస్టెంట్ అయితే ఓకే, నర్స్ అయితే ఇంకా మంచిది, కానీ ముసలివాళ్ళకి డైపర్లు మార్చే పని మాత్రం వద్దు" అంటున్నారు. అత్తగారు ఫోన్లో "అమెరికా వెళ్ళి ఆయా పని చేస్తుందా" అన్నారట. వాట్సాప్ గ్రూపులో ఒక ఫ్రెండ్ "సీఎన్ఏ లేకపోతే నర్సింగ్ సీటే రాదు" అని చెప్పింది. ఈవిడకి లోపల ఇంకో భయం ఉంది: "మా పాపకి తప్ప ఇంకెవరికీ అలా చెయ్యలేనేమో అండీ, వాసనకే కడుపులో తిప్పేస్తుంది, అది తట్టుకోలేని దాన్ని అసలు నర్స్ కి పనికొస్తానా?" చివర్లో ఒకటే ప్రశ్న: ఈ నాలుగిట్లో ఏది చేస్తే సీటు తొందరగా వస్తుంది, ఒక్కటి చెప్పండి అని.

నా సమాధానం:

ఒక్కటి చెప్పమన్నారు కదా, ముందు మీకు నచ్చని మాట చెప్తాను. ఆ నాలుగిట్లో ఏదీ మీకు సీటు తెచ్చిపెట్టదు. నర్సింగ్ సీటు వచ్చేది ప్రీరెక్విజిట్ల (ముందే చదివి ఉండాల్సిన సబ్జెక్టుల) గ్రేడ్ల మీదా, ఎంట్రన్స్ స్కోరు మీదా. అనాటమీ అండ్ ఫిజియాలజీ ఒకటి, రెండు, ల్యాబులతో సహా, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, ఒక సైకాలజీ, కొన్నిచోట్ల న్యూట్రిషన్ కూడా. తర్వాత ఎంట్రన్స్ పరీక్ష, టీస్ గానీ హెసీ ఏ2 గానీ, మీ కాలేజీ ఏది అడిగితే అది. మీరు అంత పెద్ద ఉత్తరం రాశారు, భర్త ఏమన్నారు, అత్తగారు ఏమన్నారు, ఫ్రెండ్ ఏమంది అన్నీ ఉన్నాయి, కానీ ఈ క్లాసుల గురించి ఒక్క లైన్ కూడా లేదు. నాకు అక్కడే కొంచెం కంగారనిపించింది, ఎందుకంటే ఈ దారిలో ఆగిపోయినవాళ్ళని నేను చూసినంతలో ఎక్కువమంది తప్పు ఉద్యోగంలో చేరి ఆగిపోలేదు, ఉద్యోగంలో పడి క్లాసులు "వచ్చే సెమిస్టర్ చూద్దాం, వచ్చే సెమిస్టర్ చూద్దాం" అనుకుంటూ ఆగిపోయారు.

మైక్రోబయాలజీ డిగ్రీనే ఉంది కదా మళ్ళీ చదవాలా అంటారేమో. చాలా కాలేజీలు సైన్స్ సబ్జెక్టులు ఐదేళ్ళకో ఏడేళ్ళకో పాతబడిపోయినట్టు లెక్కేస్తాయి, మీది 2013. కాబట్టి అనాటమీతో పాటు మైక్రో కూడా మళ్ళీ చదవాల్సి రావచ్చు, చదివినదే కాబట్టి "ఏ" గ్రేడ్ తెచ్చుకోవటం మీకు మిగతావాళ్ళంత కష్టం కాదు. డిగ్రీ ఊరికే పోదు లెండి, అది ఇక్కడ దేనికి సమానమో తేల్చే ఎవాల్యుయేషన్ చేయించండి. మన మూడేళ్ళ బీఎస్సీని కొందరు పూర్తి బ్యాచిలర్స్ గా ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఏడాది, ఏడాదిన్నరలో అయ్యే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (నర్సింగ్ లో బ్యాచిలర్స్) కి అప్లై చెయ్యొచ్చు, కానీ అందులో ఉన్నన్నాళ్ళూ ఉద్యోగం చెయ్యటం దాదాపు కుదరదు, ఫీజు కూడా బాగా ఎక్కువ. ఒప్పుకోకపోతే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ. రెండు దారుల్లో ఎటు వెళ్ళినా రాసేది అదే ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ లైసెన్స్ పరీక్ష, అయ్యేది రిజిస్టర్డ్ నర్సే (ఆర్ఎన్).

మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. కొన్ని నర్సింగ్ ప్రోగ్రాములు సీఎన్ఏ ఉండాలని నిజంగానే పెడతాయి, కొన్ని హెల్త్‌కేర్ అనుభవానికి ఒకట్రెండు పాయింట్లు కలుపుతాయి, చాలా వాటికి అస్సలు పట్టింపు లేదు. మీరు వెళ్ళగలిగే దూరంలో ఉన్న కాలేజీలు ఎన్నుంటాయి, రెండో మూడో. వాళ్ళ అడ్మిషన్ రూల్స్ పేజీ తెరిచి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది, దీనికి వాట్సాప్ గ్రూపుని అడగాల్సిన పని లేదు.

మరి ఉద్యోగం ఎందుకు అంటే, మూడింటికి. ఈ పని నా వల్ల అవుతుందా కాదా అని ముందే తెలియటానికి, చదువుకి డబ్బు కోసం, రేపు నర్స్ అయ్యాక లోపలివాళ్ళకి మొహం తెలిసి ఉండటానికి. ఈ మూడిట్లో మీకు ఏది ఎక్కువ కావాలో దాన్నిబట్టి ఆ నాలుగిట్లో జవాబు మారుతుంది.

మీ విషయంలో డబ్బు సంగతి మామూలు కంటే పెద్దది. హెచ్4 మీద ఉన్నవాళ్ళకి ఫాఫ్సా (చదువుకి ప్రభుత్వ సాయం కోసం పెట్టే దరఖాస్తు) నుంచి ఫెడరల్ గ్రాంటులూ లోన్లూ రావు. చదువుకోవటానికి అడ్డు లేదు, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాల్సిన పని కూడా లేదు, కానీ ప్రభుత్వం ఇచ్చే డబ్బు మాత్రం రాదు. అందుకని మీకు దొరికే పెద్ద సాయం ఉద్యోగం ఇచ్చినవాళ్ళు కట్టే ట్యూషన్. ఇక్కడి టాక్స్ చట్టంలో సెక్షన్ 127 కింద కంపెనీ మీ చదువుకి ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఇస్తే దానిమీద మీరు టాక్స్ కట్టక్కర్లేదు, అందుకే చాలా హాస్పిటల్స్ సరిగ్గా ఆ మొత్తమే ఇస్తాయి. కమ్యూనిటీ కాలేజీ ఫీజుతో పోల్చుకుంటే అది చిన్న విషయం కాదు. ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి తీసుకునే తక్కువ ఫీజు) వస్తుందో లేదో కూడా రెసిడెన్సీ ఫారం ఇచ్చేటప్పుడే హెచ్4 అని స్పష్టంగా చెప్పి అడగండి, తర్వాత బిల్లు చూసి గుండె పట్టుకోవటం కంటే అది మేలు.

ఇంకోటి, చెప్పటానికి ఇబ్బందిగానే ఉంది కానీ చెప్పకపోతే తప్పు. మీ ఈఏడీ మీ వారి స్టేటస్ కి వేలాడుతోంది. ఆయన ఉద్యోగానికి ఏమైనా అయితే మీ పని కూడా ఆగుతుంది, నర్స్ అయ్యాక కూడా సొంతంగా హెచ్1బీ దొరకటం ఆ ఫీల్డులో చాలా అరుదు. భయపెట్టటానికి కాదు, దీన్నిబట్టి నాకనిపించేది ఏంటంటే మీరు వేసే అడుగులు చిన్నవిగా ఉండాలి, అప్పు లేనివిగా ఉండాలి.

అలా చూస్తే ఆ 14 వేల డిప్లొమా నాకు ముందే పక్కకి వెళ్ళిపోయింది. మెడికల్ అసిస్టెంట్ చెడ్డ ఉద్యోగం అనట్లేదు. డాక్టర్ క్లినిక్ లో బీపీ చూడటం, హిస్టరీ రాసుకోవటం, వ్యాక్సిన్లు వెయ్యటం, ఫోన్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, అన్నీ చేస్తారు, వీకెండ్ సెలవు, ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్ళకి సుఖం. అదే మీ గమ్యం అయితే కమ్యూనిటీ కాలేజీలో అంతకంటే చాలా తక్కువకి చెయ్యొచ్చు. కానీ మీ గమ్యం నర్సింగ్ కదా, ఆ ప్రైవేట్ కాలేజీ క్రెడిట్లు నర్సింగ్ ప్రోగ్రాముకి మామూలుగా ట్రాన్స్‌ఫర్ కావు, తొమ్మిది నెలలు అయ్యాక మీరు అనాటమీ మొదట్నుంచి మొదలుపెట్టాలి, ఈసారి నెత్తిమీద లోన్ తో. పైగా క్లినిక్ టైమింగ్ సోమవారం నుంచి శుక్రవారం, ఎనిమిది నుంచి ఐదు. కాలేజీ ల్యాబులు, రేపు నర్సింగ్ క్లినికల్స్ (పేషెంట్ల దగ్గర చేసే ప్రాక్టికల్స్) ఎక్కువగా ఉండేది కూడా సరిగ్గా ఆ టైముల్లోనే. రోజూ ఫోన్ చేస్తున్నారు అన్నారు చూడండి, నిజంగా డిమాండ్ ఉన్న నర్సింగ్ ప్రోగ్రాం ఎవరికీ రోజూ ఫోన్ చెయ్యదు.

ఫ్లెబాటమీకి టెక్సస్ లో స్టేట్ లైసెన్స్ అక్కర్లేదు. కాలిఫోర్నియా, లూసియానా, నెవాడా, వాషింగ్టన్ లో కావాలి, కాబట్టి మీరు అటు మారే అవకాశం ఉంటే గుర్తుపెట్టుకోండి. లైసెన్స్ అక్కర్లేకపోయినా ఉద్యోగం ఇచ్చేవాళ్ళు సర్టిఫికేషన్ అడుగుతారు. ఎన్‌హెచ్ఏ అనే సంస్థ వాళ్ళ సర్టిఫికేషన్ కి మనుషుల మీద 30 సార్లు నరంలోంచి, 10 సార్లు వేలి నుంచి రక్తం తీసినట్టు చూపించాలి, కాబట్టి కోర్సులో చేరే ముందు ఆ 30 వాళ్ళే చేయిస్తారా, లేక "ఎక్స్‌టర్న్‌షిప్ (ప్రాక్టీసుకి చోటు) మీరే వెతుక్కోండి" అంటారా అడగండి, చాలామంది ఇక్కడే ఇరుక్కుపోతారు. పని శుభ్రంగా ఉంటుంది, మీ వారికి, అత్తగారికి చెప్పుకోటానికి బాగుంటుంది. హాస్పిటల్లో అయితే డాక్టర్లు రౌండ్స్ కి వచ్చేలోపు రిపోర్టులు రావాలి కాబట్టి తెల్లారుజామున నాలుగింటికల్లా మొదలవుతుంది, మధ్యాహ్నానికి మీరు ఫ్రీ, అంటే పగటి క్లాసులకి బాగా కుదురుతుంది, పాపని పొద్దున్న మీ వారు తయారు చెయ్యగలిగితేనే అనుకోండి. నష్టం ఏంటంటే ఒక్కో పేషెంట్ దగ్గర ఐదు నిమిషాలు. నరం దొరికింది, ట్యూబులు నిండాయి, లేబుల్ అంటించారు, నెక్స్ట్ రూమ్. నర్స్ పని ఎలా ఉంటుందో దీంట్లో తెలియదు, మీ అసలు భయానికి జవాబు కూడా దొరకదు, అది అలాగే ఉండిపోయి నర్సింగ్ స్కూల్ మొదటి క్లినికల్ రోజున ఎదురవుతుంది.

ఇక సీఎన్ఏ. ఫెడరల్ రూల్ ప్రకారం కనీసం 75 గంటల ట్రైనింగ్, టెక్సస్ లో 100 గంటలు, అందులో 60 క్లాసు, 40 క్లినికల్. తర్వాత రాత పరీక్ష, స్కిల్స్ పరీక్ష. స్కిల్స్ లో చేతులు కడుక్కోవటం దగ్గర్నుంచి చూస్తారు, నవ్వకండి, కడిగాక ట్యాప్ ని చేత్తో కట్టేసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళున్నారు, పేపర్ టవల్ తో కట్టాలి. మీకు ఫ్రీగా ఇస్తామన్నారు కదా, అది వాళ్ళ దయ కాదు, నర్సింగ్ హోమ్ లో ఉద్యోగం ఇచ్చి గానీ ఆఫర్ ఇచ్చి గానీ ట్రైనింగ్ ఇస్తే మీ దగ్గర ఫీజు తీసుకోకూడదని రూల్ ఉంది. సొంత డబ్బుతో వేరేచోట చేసినా, 12 నెలల లోపు ప్రభుత్వ ఇన్సూరెన్సులు మెడికేర్, మెడికెయిడ్ తీసుకునే నర్సింగ్ హోమ్ లో చేరితే ఆ ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటుంది. ఇలా డబ్బు పెట్టకుండా, నెలా రెణ్ణెల్లలో తేలిపోయే దారి మీ నాలుగిట్లో ఇంకోటి లేదు.

కష్టం ఎంతో కూడా తెలిసే వెళ్ళండి. నర్సింగ్ హోమ్ లో ఒక్క సీఎన్ఏకి పది మందికి పైగా రెసిడెంట్లు ఉండటం మామూలే, మనుషులు తక్కువైన రోజు ఇంకా ఎక్కువ. నడుము పోతుంది, నిజంగానే పోతుంది, అందుకే హోయర్ లిఫ్ట్ (మనిషిని ఎత్తే యంత్రం) ఉన్నచోట చేతులతో ఎత్తమంటే ఎంత తొందరలో ఉన్నా ఒప్పుకోకండి. జీతం కూడా చూసుకోండి, లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో వాళ్ళ 2023 లెక్కల్లో దేశం మొత్తం మీద మీడియన్ జీతం ఏడాదికి నర్సింగ్ అసిస్టెంట్లకి 38 వేల చిల్లర, ఫ్లెబాటమిస్టులకి 41,810, మెడికల్ అసిస్టెంట్లకి 42,000, రిజిస్టర్డ్ నర్సులకి 86,070. మొదటి మూడిటి మధ్య తేడా ఎంతో చూడండి, నాలుగోదానికి ఎంత దూరమో చూడండి. ఆ మూడిట్లో ఎందులో జీతం నాలుగు డాలర్లు ఎక్కువని ఆలోచించటంలో అర్థం లేదు.

హాస్పిటల్ ఉద్యోగాల దగ్గర మీరు సరిగ్గా ఆలోచించలేదనిపించింది, వాటిని చివర్లో ఒక్క లైన్లో రాసి వదిలేశారు. ట్రాన్స్‌పోర్టర్ కి సర్టిఫికెట్ ఏమీ అక్కర్లేదు, పేషెంట్ ని బెడ్ నుంచి స్కాన్ కి, స్కాన్ నుంచి ఆపరేషన్ కి తీసుకెళ్ళటం, రోజుకి మైళ్ళు నడవటం. కానీ హాస్పిటల్ మొత్తం తెలుస్తుంది, ప్రతి ఫ్లోర్ లో షిఫ్టు నడిపించే చార్జ్ నర్స్ కి మీ మొహం తెలుస్తుంది. యూనిట్ సెక్రటరీ అయితే నర్స్ స్టేషన్ లోనే కూర్చుంటారు, ఫోన్లు, ఫ్యామిలీల కోపాలు, డిశ్చార్జి హడావిడి అన్నీ వినపడతాయి, నర్సులు రోజంతా ఎలా ఉంటారో అక్కడ కూర్చుని చూస్తే ఏ బ్రోషర్ లోనూ దొరకనంత అర్థమవుతుంది. సిట్టర్ అనే ఉద్యోగం కూడా ఉంటుంది, పడిపోయే ప్రమాదం ఉన్న పేషెంట్ దగ్గర షిఫ్ట్ అంతా కూర్చోవాలి, పైకి తేలిక, గంటలు మాత్రం కదలవు. వీటికోసం దరఖాస్తు పెట్టటంలో అసలు లాభం ఆ ఉద్యోగం కాదు, హాస్పిటల్ ఉద్యోగి అవ్వటం. ట్యూషన్ సాయం, లోపల్నుంచి పీసీటీ పోస్టుకి మారే వీలు, పన్నెండు గంటల షిఫ్టులు వారానికి మూడు చేస్తే ఫుల్ టైం అయిపోవటం, ఇవన్నీ వస్తాయి. పీసీటీ అంటే హాస్పిటల్లో సీఎన్ఏ పనే, దానికి తోడు చాలాచోట్ల రక్తం తియ్యటం, ఈకేజీ కూడా వాళ్ళే నేర్పిస్తారు, అంటే ఫ్లెబాటమీ కోర్సు డబ్బు పెట్టకుండా ఆ పని చేతికొస్తుంది.

ఇక మీ వారి మాట. నర్స్ ఓకే, డైపర్లు వద్దు అన్నారు. ఆయనకి ఎవరైనా చెప్పాలి, ఈ రెండూ వేరు వేరు కాదని. నేను ఫ్లోర్ మీద పనిచేసే నర్స్ ని, టెక్ (అదే, పీసీటీ) ఖాళీగా లేకపోతే శుభ్రం చేసేది నేనే, ఐసీయూలో అయితే చాలాసార్లు టెక్ ఉండనే ఉండరు. నర్సింగ్ స్కూల్ మొదటి సెమిస్టర్ లో నేర్పేది కూడా ఇదే.

అది అందరూ అనుకున్నట్టు ఒట్టి కడిగే పని కాదు కూడా. మంచం మీంచి కదల్లేని మనిషిని ఇద్దరు కలిసి డ్రా షీట్ (మనిషి కింద పరిచే దుప్పటి) పట్టుకుని పక్కకి తిప్పుతారు, ఒకరు పట్టుకుంటారు, ఇంకొకరు ముందు నుంచి వెనక్కి తుడుస్తారు. ఆ తిప్పిన నిమిషంలోనే వెన్ను చివర ఎముక దగ్గర, మడమల దగ్గర చర్మం చూడాలి. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలాలి, తెల్లబడి మళ్ళీ ఎరుపు వస్తే పర్లేదు, నొక్కినా ఎరుపు అలాగే ఉండిపోతే పుండు మొదలైనట్టే, వెంటనే నర్స్ కి చెప్పాలి. మనలాంటి రంగు చర్మం మీద ఆ ఎరుపు సరిగ్గా కనపడదు, తాకి చూడాలి, చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని. ఇది కళ్ళకి, చేతులకి అలవాటైన సీఎన్ఏ ఒకళ్ళుంటే ఆ పేషెంట్ కి నెలల తరబడి మానని పుండు తప్పుతుంది. అత్తగారికి ఇదంతా ఫోన్లో చెప్పక్కర్లేదు లెండి, "హాస్పిటల్లో చేస్తూ చదువుకుంటున్నా" అంటే అబద్ధం కాదు. కానీ మీ వారికి మాత్రం చెప్పాలి, ఎందుకంటే వీకెండ్ షిఫ్టుకి మీరు పొద్దున్న ఆరింటికి బయల్దేరితే పాపకి జడ వేసేది ఆయనే. ఆయన ఒప్పుకోవాల్సింది ఉద్యోగం పేరుకి కాదు, ఆ గంటలకి. పేరు గురించి వాదన పెట్టుకుంటే ఏడాది గడిచిపోతుంది, క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చుంటే అరగంటలో తేలుతుంది.

వాసన గురించి. తిప్పుతుంది, అందరికీ తిప్పుతుంది. నాకు ఇప్పటికీ సీ డిఫ్ (విరేచనాలు పట్టుకునే ఒక ఇన్ఫెక్షన్) వాసనకి మొహం మారుతుంది, మాస్క్ ఉంటుంది కాబట్టి బతికిపోతున్నా. మాస్క్ లోపల కాస్త పుదీనా నూనో టూత్ పేస్టో రాసుకునే నర్సులు ఎంతమందో. పనికొస్తారా లేదా అనేది కడుపులో తిప్పటాన్నిబట్టి తెలీదు, తిప్పుతున్నప్పుడు కూడా ఎదుటి మనిషికి మీ మొహంలో అది కనపడకుండా ఉంచగలరా అన్నదాన్నిబట్టి తెలుస్తుంది, ఎందుకంటే వాళ్ళు సిగ్గుతో అప్పటికే సగం చచ్చిపోయి ఉంటారు. అది ఇంట్లో కూర్చుని ఊహించుకుంటే తేలదు. సీఎన్ఏ క్లినికల్ 40 గంటల్లో తేలుతుంది. అక్కడ మీ వల్ల కాలేదనుకోండి, పోయింది ఒక నెల, మైక్రోబయాలజీ చదివినవాళ్ళకి హాస్పిటల్ ల్యాబ్ వైపు కూడా దారులున్నాయి, అటు చూడొచ్చు. రెండేళ్ళు ప్రీరెక్విజిట్లు చదివి, సీటు తెచ్చుకుని, అప్పుడు తెలియటం కంటే ఇది ఎంత నయమో ఆలోచించండి.

అన్నీ కలిపి చూస్తే మీ ముందు మూడు దారులు కనపడుతున్నాయి నాకు. మొదటిది, పాప స్కూలుకి వెళ్ళేలోపే ఆ ఫ్రీ సీఎన్ఏ ట్రైనింగ్ చేసేసి, నర్సింగ్ హోమ్ లో వారానికి రెండు షిఫ్టులు చేస్తూ ఆగస్టు నుంచి అనాటమీ మొదలుపెట్టటం, కొన్నాళ్ళ అనుభవం వచ్చాక హాస్పిటల్ పీసీటీకి మారటం. భయానికి జవాబు అన్నిటికంటే ముందు ఇందులోనే దొరుకుతుంది, ఒళ్ళు అలిసిపోయేది కూడా ఇందులోనే. సంతకం పెట్టేముందు ట్రైనింగ్ ఇచ్చినందుకు ఎన్ని నెలలు చెయ్యాలని రాశారో చదవండి. రెండోది, తిన్నగా హాస్పిటల్లో ట్రాన్స్‌పోర్టర్ గానో సెక్రటరీగానో చేరి, వాళ్ళ డబ్బుతో ప్రీరెక్విజిట్లు చదవటం. ఇంట్లో గొడవ తక్కువ, డబ్బు పరంగా మంచిది, కానీ ట్యూషన్ సాయం మొదటి రోజే రాదు, కొన్ని నెలలు ఆగాలి, చాలాచోట్ల చదువయ్యాక ఇంతకాలం మా దగ్గరే చెయ్యాలని కూడా రాయించుకుంటారు. పీఆర్ఎన్ గా, అంటే అవసరమైనప్పుడు మాత్రం పిలిచే పద్ధతిలో, చేరితే మామూలుగా బెనిఫిట్లు ఉండవు, అంటే ఈ దారిలో చేరటానికి ఉన్న కారణమే పోతుంది, అక్కడ జాగ్రత్త. మూడోది, ఉద్యోగం అసలు పెట్టుకోకుండా ఏడాది పాటు క్లాసులు మాత్రమే. ఒక్క జీతంతో ఇల్లు గడుస్తుందంటే గ్రేడ్లకి ఇదే మంచిది, ఎవరూ చెప్పరు గానీ ఇదీ ఒక దారే. చేతిలో ఈఏడీ ఉంది కదా ఖాళీగా కూర్చుంటే ఎలా అని మీకు అనిపించొచ్చు, చదువుకోవటం ఖాళీగా కూర్చోవటం కాదు.

ఎల్‌వీఎన్ (ఆర్ఎన్ కంటే ఒక మెట్టు కింది నర్సు లైసెన్స్) గురించి మీరు అడగలేదు, ఏడాది కోర్సు, తర్వాత బ్రిడ్జి చేసి ఆర్ఎన్ అవ్వొచ్చు, కానీ మీకు డిగ్రీ ఉంది కాబట్టి నేరుగా ఆర్ఎన్ కి వెళ్ళటమే దగ్గర దారనిపిస్తుంది.

నేనైతే ఎటు మొగ్గుతానంటే, మొదటి దారిలో ట్రైనింగ్ వరకు తీసుకుని అక్కణ్ణుంచి రెండో దారిలోకి దూకుతాను. సీఎన్ఏ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని హాస్పిటల్స్ కి పీసీటీకి, ట్రాన్స్‌పోర్టర్ కి, రెండిటికీ అప్లై చేస్తాను. ఒకటి గుర్తుంచుకోండి, సర్టిఫికెట్ తెచ్చుకుని వరసగా 24 నెలలు జీతానికి ఆ పని చెయ్యకపోతే మళ్ళీ ట్రైనింగో పరీక్షో మొదట్నుంచి చెయ్యాలి, కాబట్టి "ముందు తెచ్చిపెట్టుకుందాం, తర్వాత చూద్దాం" అనుకునే రకం కాగితం కాదది. అయితే మీ ఇల్లు, మీ నడుము, మీ వారి డ్యూటీ టైమింగులు నాకు తెలీవు, మీరు వేరేది ఎంచుకుంటే మీ లెక్క మీకు ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఒక సెమిస్టర్ కి కనీసం ఒక్క సైన్స్ క్లాసన్నా నడుస్తూ ఉండేలా చూసుకోండి. షిఫ్టుల వల్ల ఆ ఒక్క క్లాసులో గ్రేడ్ పడిపోతుందనిపిస్తే తగ్గించాల్సింది షిఫ్టులే, ఏ నర్సింగ్ స్కూలూ మీ ఓవర్ టైం గంటలు లెక్కపెట్టదు.

ఇంటర్వ్యూలో హెచ్ఆర్ ని అడగాల్సినవి: ట్యూషన్ సాయం ఎన్ని నెలలకి మొదలవుతుంది, వారానికి ఎన్ని గంటలు చేస్తే వస్తుంది, ప్రీరెక్విజిట్లకి కూడా ఇస్తారా లేక నర్సింగ్ ప్రోగ్రాంలో చేరాకే ఇస్తారా, సగంలో మానేస్తే వెనక్కి కట్టాలా. ఆ మూడో ప్రశ్న అడగకుండా చేరి తర్వాత బాధపడేవాళ్ళు ఎక్కువ.

ఈఏడీ రెన్యూవల్ ని మాత్రం అస్సలు లైట్ తీసుకోకండి. ఇదివరకు రెన్యూవల్ వేస్తే పాత కార్డు ఆటోమేటిక్ గా పొడిగించేవాళ్ళు, 2025 అక్టోబర్ 30 నుంచి వేసినవాటికి అది తీసేశారు. కొత్త కార్డు రాకుండా పాతది ఎక్స్‌పైర్ అయితే ఆ రోజు నుంచి హాస్పిటల్ మిమ్మల్ని షెడ్యూల్లో పెట్టదు, మీరు ఎంత మంచి ఉద్యోగి అయినా సరే. 180 రోజుల ముందు నుంచే వెయ్యొచ్చు, మొదటి వారంలోనే వేసెయ్యండి.

ఇంకోటి, ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు కాబట్టి చెప్తున్నా. మీరు ఎక్కడ చేరినా, నర్సింగ్ స్కూల్ అయినా సరే, మీజిల్స్, చికెన్ పాక్స్, హెపటైటిస్ బీ రికార్డులు అడుగుతారు. మన చిన్నప్పటి టీకాల కార్డు ఊళ్ళో ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలీదు కదా, అమ్మగారిని వెతకమనండి, దొరక్కపోతే టైటర్ అనే రక్తపరీక్షతో సరిపెట్టుకోవచ్చు. టీబీ పరీక్ష కూడా చేస్తారు. మనకి పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి చేతిమీద పొడిచే పరీక్ష ఒక్కోసారి అనవసరంగా పాజిటివ్ వస్తుంది, ఎక్స్‌రేలు, అపాయింట్‌మెంట్లు, చేరే డేట్ వెనక్కి. ముందే "నాకు బీసీజీ వేశారు, క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష చెయ్యండి" అని అడగండి, బీసీజీ వల్ల దాని రిజల్ట్ మారదు.